తన తదనంతరము
పందొమ్మిదవ శతాబ్దపు రైతు ఒకడు తనవారికి చేసిన యేర్పాటును గూర్చి సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము



మేము అంగడి లెక్కలు వ్రాయువారమే గాని ధర్మశాస్త్రములు చదివినవారము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. అట్టి మేము వారసత్వమును గూర్చి మాటలాడ నిలువబడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కారణము మనవి చేసికొనెదము.

గత వేసవిలో మా పూర్వికుల మిద్దెను విప్పించుచుండగా అటుకమీదినుండి ఒక చిన్న భోషాణము దింపితిమి. అందులో రెండు కడితములు, కొన్ని శిస్తు రసీదులు, మడతలయొద్ద చినిగిన యొక పెద్ద కాగితము ఉండెను. కాగితము తెలుగుననే, కరణముల గొలుసుకట్టు వ్రాతలో నున్నది. తెలుగు చదువగలమని ఇంతకాలము అనుకొనుచున్న మాకు ఆ వ్రాత కొఱుకుడు పడలేదు. మా పిల్లలు కన్నడ బడిలో చదివినవారు. వారి సంగతి చెప్పనక్కఱలేదు. పూర్వము కరణీకము చేసిన యింటికి చెందిన వృద్ధులొకరు మూడు సాయంకాలములు మాయొద్ద కూర్చుండి, ఒక్క పంక్తి తప్ప తక్కినదంతయు చదివిపెట్టిరి. ఆ పంక్తి మాట కడపట చెప్పెదము.

అది వ్రాయించినవాడు మా ముత్తాతకు మాతామహుడు. బళ్లారికి ఎడ్లబండిమీద ఒక పూట ప్రయాణమున నున్న పల్లెలో నల్లరేగడి చేలు దున్ని జొన్నయు ప్రత్తియు పండించిన కాపు. అక్షరములు రానివాడు. కాగితము క్రింద అతని చేవ్రాలునకు బదులు నాగలి గుర్తు ఉన్నది. దానిప్రక్కన అయిదుగురు సాక్షుల పేళ్లు.

ఆ కాలమున బళ్లారిసీమ రైతునకు భూమి యెట్లు దక్కియుండెనో ముందు చెప్పవలయును. 1800లో నిజాము ఈ సీమలను కుంపిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి, జమీందారు నడుమ లేకుండ రైతుతోనే శిస్తు నిర్ణయించుకొను పద్ధతిని పాదుకొల్పెను. రైతు పేర పట్టా. శిస్తు కట్టుచున్నంతకాలము చేను అతనిది. అతని వెనుక అతని వారసులది. అమ్మవచ్చును, తాకట్టు పెట్టవచ్చును. ఉత్తర సర్కారులలో 1802 మొదలు జమీందారీ పద్ధతి స్థిరపడెను గనుక బరంపురమువైపు మనవారి కథ వేఱుగా నడచినది. మేము మా సీమ సంగతికే పరిమితమగుదుము.

కాగితము కఱవు గడచిన రెండు మూడేండ్లకు వ్రాయించినది. కఱవనగా 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామము. మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి ఒకటి. పశువులు పోయినవి, ఊళ్లు బయళ్లయినవి. ఆ కఱవులో ఈ కాపు తన యేకైక కుమారుని పోగొట్టుకొనెను. మిగిలినవారు భార్యయు, ఇద్దఱు కుమార్తెలును. తనకు ఒక తమ్ముడు. అన్నదమ్ములు అప్పటికింకను కలిసియున్నవారే. ఏబదియేండ్ల మనుష్యునకు, కొడుకు పోయిన పిమ్మట, తన తరువాత ఇంటి ఆడవారి గతి యేమను చింత కలుగుట సహజము. అతని చింతకు శాస్త్రములోనే తగిన కారణముండెను.

మనవారికి ప్రమాణమైన ధర్మశాస్త్ర గ్రంథము మితాక్షర. దానిని వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఆస్థానమువాడు. ఆ కల్యాణి నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. పదమూడవ శతాబ్దమున మన కేతన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడసీమలో పుట్టి తెలుగున కెక్కిన యీ శాస్త్రము మన రెండు భాషలవారి యిండ్లను ఎన్నో వందలయేండ్లు పాలించినది. దాని ప్రకారము అవిభక్త కుటుంబమున పుట్టుకతోనే మగపిల్లలకు పిత్రార్జితములో హక్కు. ఒకడు పోయినచో అతని పాలు కలిసియున్న మగవారికి చెందును. అతని భార్యకు భాగము లేదు; ఉండుటకు చోటును, తినుటకు మనోవర్తియును మాత్రమే. కూతుండ్రకు పెండ్లి వఱకు పోషణ, పెండ్లి ఖర్చు. ఆమీదట వారు పరుల యింటివారు.

అదే మనుష్యుడు దాయాదులనుండి విడిపోయి, కొడుకులు లేక పోయెనా, అప్పుడు ఆస్తి అంతయు భార్యకు వచ్చును. అమ్ముటకు స్వేచ్ఛ లేదు, జీవితకాలమే అనుభవము. అయినను చేను ఆమె చేతిలో నుండును. ఆమె తరువాత కూతుండ్రకు. అనగా కలిసియున్న సంసారపు వితంతువు బువ్వకు ఎదురుచూచునది, విడిపోయిన సంసారపు వితంతువు తానే బువ్వ పెట్టునది. అన్నదమ్ములు కలిసియుండుటయే ఘనతయని మన పెద్దలు పొగడిరి గాని, ఆ ఘనతకు వెల చెల్లించినది ఎవరో ఇందువలన తెలియుచున్నది. షోలాపురమునుండి వచ్చిన మన మిత్రులు ఒక్కమాట గమనింపవలయును. బొంబాయి రాజధానిలో కుమారులు పంచుకొనునపుడు తల్లికిని ఒక భాగము ఇచ్చుట నిలిచియుండెను. మద్రాసు రాజధానిలో ఆ ఆచారము వాడుకతప్పెను.

ఈ శాస్త్రము మా కాపునకు ఎవరు చెప్పిరో యెఱుగము. కాని అతడు చేసిన మొదటిపని తమ్మునితో భాగపరిష్కారము. పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి, చేలు కొలిపించి, ఎడ్లు, బండి, బావిలో నీటి వంతు సహితము పంచుకొనెను. తమ్ముడు కోపగించెననియు, "కొడుకు లేనివానికి పాళ్లెందులకు" అని యనెననియు కాగితములోనే వ్రాయబడినది. ఆ మాటను ఎందులకు వ్రాయించెనో మాకు మొదట బోధపడలేదు. తాము విడిపోయినట్లు తమ్ముడు ఎఱుగునని రుజువు చేయుటకే యని చదివిన వృద్ధులు చెప్పిరి.

రెండవది ఇల్లటము. పెద్దకూతునకు పెండ్లిచేసి అల్లుని ఇంట ఉంచుకొనెను. ఇల్లరికమనగానే నవ్వుట మనకు అలవాటు. నవ్వవలసిన పని లేదు. రెడ్లలోను కమ్మవారిలోను ఇది ఊరక అత్తవారింట తినియుండుట కాదు, ఒక ఒడంబడిక. మామ చేనును అల్లుడు సేద్యము చేయును, మామ తదనంతరము కొడుకువలె ఆస్తిని పొందును. తరువాత మామకు కొడుకు పుట్టినను అతనితో సమానముగ పంచుకొనును. పుట్టినింట తన పాలు పోగొట్టుకొనడు. బళ్లారి, కర్నూలు జిల్లాల మోటాటి కాపులలో ఈ ఆచారము కలదని మద్రాసు హైకోర్టు 1881లో అంగీకరించినది. సంస్కృత శాస్త్రమున దీనికి చోటు లేదు. చేయి కావలసివచ్చిన రైతు తన అవసరమునుబట్టి ఏర్పఱచుకొన్న న్యాయమిది. ఆ యల్లుడే మా ముత్తాత తండ్రి. మా యింటిపేరు ఆ కాపుది కాదు, ఆ యల్లునిది.

అయితే అల్లుడు కొడుకైనపుడు, భార్యకు రావలసిన ఆస్తి అతనికి పోవును. భార్య మరల మనోవర్తికే దిగును. అందుచేత కాగితములో మూడువంతులలో ఒకవంతు ఆమెను గూర్చియే యున్నది. తూర్పువైపు అర ఆమెది. దాని తాళపుచెవి ఆమె మొలనుండవలయును. ఏటికి ఇన్ని తూముల జొన్నలు, ఇంత కందిపప్పు, ఉప్పు, మిరపకాయలు, దీపమునకు ఆముదము. ఉగాదికి ఒక చీర, దసరాకు ఒక చీర. పాడిగేదెలలో ఆమె యేఱుకొన్నది ఆమెకు. కొలత ఇంటిలోని పాత తూముతోనే కొలువవలయునట, క్రొత్త తూముతో కాదట. వర్తకులమైన మేము ఆ వాక్యము చదివించుకొని కొంతసేపు ఊరకుంటిమి. తూము మారినపుడు ఏమగునో మాకంటె తెలిసినవారెవరు? తాను ముసలిదై అల్లుని దయకు లోబడునపుడు భార్య అడుగలేని వాటినన్నిటిని ఆ నిరక్షరాస్యుడు ముందుగనే అడిగిపెట్టెను.

అప్పుల మాటయు ఉన్నది. నిజమునకు కాగితము దానితోనే మొదలగును. కఱవులో తెచ్చిన జొన్నలకు సావుకారునకు చెల్లించినది, చీటి చించివేసినది, ఎవరికిని బాకీ లేనిది. తండ్రి చేసిన న్యాయమైన ఋణమును కొడుకులు తీర్చుట ధర్మమని ఆనాటి న్యాయస్థానములు గట్టిగ పట్టించుచుండెను. ఎన్ని యేర్పాటులు చేసినను అప్పు ముందు నిలువవు.

మూడవది రెండవ కూతురు. ఆమె కొన్ని ఆమడల దూరమున మెట్టినది. ఆమెకు వంకవద్ద నాలుగెకరముల చేను పసుపుకుంకుమల క్రింద ఇచ్చితినని వ్రాయించెను. అప్పటికి ఆస్తిబదలాయింపు చట్టము రాలేదు. అది 1882 జూలై 1న అమలులోనికి వచ్చినపిమ్మటనే భూదానమునకు రిజిస్టరు దస్తావేజు సామాన్యముగ ఆవశ్యకమయ్యెను. అంతకు ముందు నోటిమాటతో ఇచ్చి, చేను స్వాధీనపఱచిన చాలును. వీలునామాలును అట్టివే. 1870 నాటి హిందువుల వీలునామాల చట్టము మన రాజధానిలో మద్రాసు పట్టణమునకే వర్తించెను. పల్లెటూరి హిందువు నోటితో చెప్పిన మరణశాసనమును చెల్లుచుండెను. 1927 జనవరి 1 మొదలుకొని మాత్రమే హిందువులందఱి వీలునామాలకు వ్రాతయు, ఇద్దఱు సాక్షులును తప్పనివైనవి. పైగా వీలునామా వ్రాసినను కలిసియున్న పాలును దానితో ఇయ్యరాదని 1874లో మద్రాసు హైకోర్టు తీర్పు. తమ్మునితో ముందుగ విడిపోవుటలోని వివేకము ఇచ్చట మరల కనబడుచున్నది.

ఇంతవఱకు అతడు చేసినది. ఇక జరిగినది చెప్పవలయును. చెప్పుటకు మాకు కొంత సంకోచముగనే యున్నది.

ముసలామె బ్రతికినన్నాళ్లు తూము మారలేదని మా యింట చెప్పుకొందురు. అది నిజమనియే నమ్ముచున్నాము. చిన్నకూతురు దూరమున నుండెను గనుక వంకచేనును మా ముత్తాత తండ్రియే సేద్యము చేయించి, పంటలో సగము కోరు పంపుచుండెను. కడితములో కొన్ని సంవత్సరములు ఆ పద్దు వరుసగ కనబడును: ఇన్ని జొన్నలు, బండి కిరాయి ఇంత. ఒక యేడు పద్దు లేదు. మఱుసటి యేడును లేదు. అటుపై ఎన్నడును లేదు. ఎందులకు నిలిచెనో వ్రాయలేదు. పట్టాలో ఆ చేను మొదటినుండియు అల్లుని పేరనే చేరియుండెను. కరణము అన్ని సర్వే నంబర్లను కలిపి ఒక్క పట్టాగా వ్రాసికొనెను. పట్టా యనునది శిస్తు ఎవరు కట్టవలయునో చెప్పునదే గాని, చేను ఎవరిదో నిర్ణయించునది కాదు. ఈ మాట న్యాయవాదులు ఎన్నిమారులు చెప్పినను, పల్లెలో పట్టా ఉన్నవానిదే చేను.

మా తాతగారు బళ్లారికి వచ్చి అంగడి పెట్టినపుడు ఆ చేనును అమ్మిరి. అమ్మకపు దస్తావేజు నకలు రిజిస్ట్రారు కచేరినుండి తెప్పించి చూచితిమి, ఎల్లలు కాగితములోనివే. తాతగారి మొదటి చిట్టాలో మొదటి జమ ఆ సొమ్ము. ఆయన చెమటోడ్చి అంగడి నిలిపెనని చిన్ననాటినుండి వినుచున్నాము. చెమటోడ్చిన మాట అబద్ధము కాదు. జమ మాట మాత్రము మాకెవరును చెప్పలేదు.

ఆ తరువాత చట్టములు చాల మాఱినవి. శీఘ్రముగ చెప్పి ముగింతుము. 1937లో హిందూ వితంతువునకు భర్త పాలులో హక్కు వచ్చెను. కాని వ్యవసాయ భూమి రాష్ట్రముల అధికారములోనిదనియు, ఆ చట్టము దానికి తగులదనియు 1941లో ఫెడరల్ కోర్టు చెప్పెను. అనగా రైతు వితంతువునకే అది ఉపయోగపడకుండెను. మద్రాసు ప్రభుత్వము 1947లో వేఱొక చట్టముచే దానిని చేలకు వ్యాపింపజేసినది. బళ్లారి అప్పటికి మద్రాసులోనిదే. మైసూరులో చేరినది 1953 అక్టోబరు 1న. 1956 వారసత్వ చట్టముతో స్త్రీల పరిమిత హక్కు సంపూర్ణ హక్కయ్యెను. అవిభక్త పాలును వీలునామాతో ఇచ్చుటకు మగవానికి వీలు కలిగెను. కుమార్తెలను పుట్టుకతో పాలివారిగ చేయుటలో ఆంధ్రప్రదేశము 1985లోను, తమిళనాడు 1989లోను, కర్ణాటకము, మహారాష్ట్రము 1994లోను ముందడుగు వేసినవి. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికిని అదే న్యాయము. వీలునామాకు స్టాంపు అక్కఱలేదు. రిజిస్టరు చేయుట నిర్బంధము కాదు గాని చేయుట మేలు. మూసిన కవరులో జిల్లా రిజిస్ట్రారువద్ద దాచుటకును వీలున్నది. ఈ సభలోనివారిలో ఎందఱు ఆ పని చేసిరో చేతులెత్తుమని మేమడుగము. మేమే ఈ సంవత్సరము చేసితిమి.

ఆ చిన్నకూతురి మునిమనుమరాలు ఈ ఊరిలోనే యున్నారు. ఎనుబదియేండ్లు దాటినవి. వరుసకు మాకు మేనత్త. వారి యింటికిని మా యింటికిని పెండ్లిపేరంటములకు రాకపోకలు లేవు. ఎందులకు లేవో మాకు తెలియదు, మా తండ్రిగారికిని తెలియదు. వారికి తెలియును. కాగితపు నకలు పట్టుకొని వెళ్లి, "అత్తా, ఇది దొరకినది" అని చదివి వినిపించితిమి. వంకచేని ఎల్లలవద్దకు వచ్చునప్పటికి, "తూర్పున చింతచెట్టు, అంతేనా నాయనా?" అని వారే అనిరి. చింతచెట్టు కాగితములో ఉన్నది. ఆ చేనును వారెన్నడును చూడలేదు. తమ అవ్వ చెప్పగా విన్నారట. మరల ఒకమారు చదువుమనిరి, చదివితిమి. కాఫీ ఇచ్చిరి. చేని మాట మేమును ఎత్తలేదు, వారును ఎత్తలేదు.

న్యాయస్థానములో ఈ హక్కు కాలదోషము పట్టి ఎన్నో యేండ్లయినది. అందుచేత మా సోదరులలో ఒకరు కాగితమును మరల భోషాణములో పెట్టుమనిరి. ఇంకొకరు నాటి అమ్మకపు సొమ్మును నేటి వెలకు కట్టి ఇచ్చివేయుదమనిరి. మా తల్లిగారు ముందు ఆ పంక్తి తేలనిండనిరి. ఆ పంక్తి యిది. నాలుగెకరములు ఇచ్చితినని చెప్పిన పిమ్మట, ఎట్లు అనుభవింపవలయునో చెప్పు మాటలు మడతలో పడినవి. "బ్రతికియున్నంతవఱకు" అని యున్నదో, "బిడ్డల బిడ్డలవఱకు" అని యున్నదో చదివిన వృద్ధులు తేల్చలేకపోయిరి. మొదటి అక్షరము బకారమే. నడుమ సిరా పోయినది. కడపట "వఱకు" స్పష్టముగ కలదు. మొదటిదైనచో మా పూర్వికులు కోరు నిలిపినది ఆమె పోయిన యేటనా, ముందా యని చూడవలసియుండును. రెండవదైనచో చూడవలసినదేమియు లేదు.

వచ్చు ఆదివారము ఉదయము ఆ కాగితమును సంఘ కార్యాలయములో బల్లమీద ఉంచెదము. గొలుసుకట్టు చదువనేర్చిన పెద్దలు ఏ యూరివారైనను దయచేసి వచ్చి ఆ పంక్తిని చూడగోరుచున్నాము. మేనత్తగారును వచ్చెదమన్నారు. అద్దములు మఱువక తెచ్చుకొనవలయును; సిరా మిక్కిలి వెలిసియున్నది.